సగం మానిన కుక్క

మా మామగారికి తెలియని సంగతి ఈ లోకంలో ఒక్కటి కూడా లేదు. ఆ ఇంటికి పట్టిన శని అదే. వాన ఎప్పుడొస్తుందో ఆయనకు తెలుసు. రాకపోతే ఎందుకు రాలేదో ఇంకా బాగా తెలుసు. మెట్ట చేలో బావి తవ్విస్తే రాయి తప్ప చుక్క నీరు పడలేదు. "నీళ్ళు ఉండయ్యి, తవ్వినోళ్ళకి చేతగాలా" అన్నాడు. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఇలాంటివి సెలవిస్తుంటే, ఎదురుగా బల్ల మీద నలుగురైదుగురు ఊరి పెద్దలు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు. వాళ్ళకు మా ఇంటి కాఫీ రుచి మరిగింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళింది పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్ళలో. సాగర్ కుడి కాలువ తవ్వుతున్న రోజులు. ఊరు రొంపిచెర్లకు దగ్గర. నేను నరసరావుపేటలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువును వాళ్ళు నాలో ఉన్న అవకరంగానే చూసేవాళ్ళు. కాలు కుంటిదైతే ఎలా సర్దుకుంటారో అలా సర్దుకున్నారు.

ఆ ఇంట్లో ఒక కుక్క ఉండేది. మిరపకాయల కళ్ళంలో కావలికని మామగారు బొల్లాపల్లి వైపు నుంచి తెప్పించాడు. జాతి కుక్క అనేవాడు. నా కంటికి మాత్రం కాళ్ళు కాస్త పొడుగున్న ఊరకుక్క. తెచ్చేనాటికి అది కళ్ళు తెరవని కూన. దానికి పాలు పట్టే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మా గొడ్ల చావిడి ఊడ్చి పేడ తీసే పాలెం మనిషి దాన్ని కొంగులో వేసుకుపోయి, మేకపాలలో గుడ్డ ముంచి మూడు నెలలు చప్పరింపజేసి, బతికించి తెచ్చి అప్పగించింది. అప్పుడు ఆ కుక్కకు ఏ మైలా లేదు. పెరిగి మొరగడం నేర్చాకే మైల వచ్చింది.

ఎందుకంటే అది రోజూ మధ్యాహ్నం ఊరి దక్షిణాన, అంటరానివాళ్ళని వెలిగా ఉంచిన పాలేనికి పోయేది. చర్చి పక్క సందులో ఆమె గుడిసె ముందు చూరు నీడన పడుకుని, ఆమె వేసిన ముద్ద తిని, పొద్దు వాలాక తిరిగొచ్చేది. పెంచిన చోటికి పోవడం కుక్క బుద్ధి. మనుషుల్లో ఆ బుద్ధి తక్కువ కాబట్టి మామగారికి అది వింతగా తోచింది.

"మన కుక్క పాలెంలో కూడు తినొచ్చి మన వసారా ఎక్కుద్దా? కడగకుండా గడప లోపలికి రానియ్యమాకండి" అన్నాడు. ఒట్టి నీళ్ళతో కడిగితే సరిపోదట. బట్టల సోడా వేసి రుద్దాలట. ఆ పని నాకు పడింది. "చదువుకున్న పిల్ల, శుభ్రంగా చేసుద్ది" అంది మా అత్తగారు. ఆ ఇంట్లో నా చదువుకు దక్కిన మెప్పు అదొక్కటే.

మూకుడులో సోడా కలపాలి. గోనె ముక్క ముంచి కుక్కను మెడ నుంచి తోక దాకా రుద్దాలి. తర్వాత రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించాలి. మూడో చెంబు ముంచితే అత్తగారు లోపల్నుంచి, "బావి నీదా, మీ పుట్టింటోళ్ళదా?" అనేది. మామగారు మంచం మీద నుంచి చూస్తూ ఉండేవాడు. సోడా అంటని చోటు ఉందేమోనని మెడ చాచి మరీ చూసేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా మిరపకాయలు కోసేది పాలెం చేతులే. పత్తి తీసేది, జొన్న కంకులు విరిచేది, గొడ్ల దగ్గర పాలచెంబు పెట్టే చోటు ఊడ్చేది, అన్నీ ఆ చేతులే. ఆ మిరపకాయలతో పట్టిన పచ్చడి ఎర్రగా కలుపుకుని లొట్టలేసుకుంటూ తినే మనిషికి, ఆమె పెట్టిన ముద్ద తిన్న కుక్క మాత్రం అంటరానిదయింది. పచ్చడిని సోడాతో కడగమని ఎవరూ నాకు చెప్పలేదు.

రెండు నెలలు గడిచేసరికి కుక్కకు దురద మొదలైంది. ముందు పొట్ట కింద ఎర్రబడింది. తర్వాత వీపు మీద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలాయి. చర్మం చేప పొలుసుల్లా లేచేది. గోడకు రాసుకునేది, బండి చక్రానికి రాసుకునేది, రాసుకున్న చోటల్లా నెత్తురు చెమర్చేది. గోకి గోకి అలిసిపోయి, కూర్చున్న చోటే కునికి, ఉలిక్కిపడి లేచి మళ్ళీ గోక్కునేది. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది.

వసారా మేధావులంతా రంగంలోకి దిగారు. ఒకాయన గంధకం కొబ్బరినూనెలో కలిపి పూయమన్నాడు. ఒకాయన లారీ ఇంజను నుంచి తీసిన మడ్డి నూనె అన్నాడు. ఇంకొకాయన కానుగ నూనె అన్నాడు. పొద్దున పూసేవాళ్ళం, సాయంత్రం నేను సోడాతో కడిగేదాన్ని. నరసరావుపేట పశువుల ఆసుపత్రి నుంచి ఒక కాంపౌండరును సైకిలు మీద పిలిపించారు. ఆయన కాఫీ తాగి, కుక్కకు రెండు గజాల దూరంలో నిలబడి, "గజ్జి" అని తేల్చి, తెల్ల మందు ఒక డబ్బా ఇచ్చి పోయాడు. దేనితో కడుగుతున్నారని ఆయన అడగలేదు. మాకూ చెప్పాలని తోచలేదు. అన్నం ఎలా తింటామో ఎవరైనా డాక్టరుకు చెబుతారా? అదీ అలాగే అయిపోయింది. ఆ తెల్ల మందు కూడా సాయంత్రానికల్లా సోడాలో కలిసి కాలవ పాలయింది.

చివరికి మామగారు కారణం కనిపెట్టాడు. "ఇంకేముంది? పాలెం గజ్జి. అది పెంచిందిగా, దాని దగ్గర్నుంచే అంటింది."

పాలెం మనిషికి గజ్జి లేదు. ఆమె ఇంట్లో ఎవరికీ లేదు. ఆమె మేకలకు లేదు. పక్కింటి కుక్క ఆ చూరు నీడనే పొర్లేది, దాని బొచ్చు నిగనిగలాడుతుండేది. బల్ల మీద ఉన్న ఒక్కడికైనా పోయి చూడాలన్న ఆలోచన రాలేదు. తలలూపారు. ఆ తర్వాత మామగారు ఆమెను పిలిపించి, చావిడి గుమ్మం అవతల నిలబెట్టి, "శివరాత్రికి కోటప్పకొండ ప్రభ మన వాకిట్లోనే కడతన్నాం. ఆ లోపల కుక్కకి తగ్గకపోతే నువ్వు మా గడప తొక్కబాకు" అన్నాడు.

ఆమె మొగుడు రొమ్ము దగ్గుతో మంచం పట్టి రెండేళ్ళు. మా చావిడి పనికి ఏడాదికి కొలిచే జొన్నలతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. పైగా మా ఇల్లు పొమ్మంటే ఊళ్ళో మరో ఇల్లు రమ్మనదు. "కుక్కకి తగ్గితే చాలు గదా అయ్యా" అంది. "తగ్గితే చూద్దాం" అన్నాడు ఆయన.

ఈలోపు నా చేతులూ చెడ్డాయి. వేళ్ళ సందులు పగిలి, అరచేతులు ఎర్రగా పొట్టు లేచి, చింతపండు పిసికితే ప్రాణం పోయేది. "కుక్క గజ్జి దీనికీ అంటింది" అని అత్తగారు పచ్చళ్ళ జాడీల వైపు నన్ను రానివ్వలేదు. కుక్కను కడగడం మాత్రం మానమనలేదు. ఎటూ అంటినదాన్నే కదా.

ఒకనాడు చావిడిలో పాలెం మనిషి నా చేతులు చూసింది.

"ఏంది చిన్నమ్మగారూ, చేతులు చాకలోళ్ళ చేతుల్లాగా అయినయ్యి?"

"కుక్క గజ్జి అంటిందంట" అన్నాను.

ఆమె దగ్గరకొచ్చి చూసింది. ముట్టుకోలేదు. "గజ్జి గాదు ఇది. మా చాకలావిడకి ఎప్పుడూ ఇట్టనే ఉంటయ్యి, సోడా తింటది చేతుల్ని. మీరేం ఉతుకుతన్నారు?"

"ఏమీ ఉతకటం లా. కుక్కని కడగటమే."

"దేంతో?"

చెప్పాను. ఆమె నోరు తెరిచింది. తన ఇంటికి వచ్చినందుకు కుక్కను అలా కడుగుతున్నారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ముఖంలోకి ఏదో వచ్చి పోయింది. కోపమే అనుకుంటాను. దాన్ని మింగేసి, "అయ్యో, దాని ఒళ్ళు అందుకే కాలిపోతంది చిన్నమ్మగారూ. సోడా ఆపి చూడండి. మీకు పుణ్యముంటది, నా పని నిలబడుద్ది" అంది.

ఊళ్ళో అంత మంది పెద్దలు, పేట కాంపౌండరు, నా ఎనిమిదో తరగతి, అందరం కలిసి నాలుగు నెలల్లో కనిపెట్టలేనిది ఆమె చీపురు పట్టుకుని నిలబడి నాలుగు మాటల్లో తేల్చేసింది.

కానీ మామగారు మంచం మీద నుంచి చూస్తుంటే సోడా ఆపేదెలా? ఎనిమిదో తరగతిలో మా సైన్సు టీచరమ్మ చిక్కుడు గింజలు రెండు కుండీల్లో వేయించి, ఒకటి ఎండలో, ఒకటి బీరువాలో పెట్టించింది. అన్నీ ఒక్కలాగే ఉంచి ఒక్కటే మార్చాలి, అప్పుడే కారణం దొరుకుతుందని చెప్పింది. అది గుర్తొచ్చింది. కుక్కను ఎడమ పక్క గోడ వైపుకు వచ్చేలా కట్టేశాను. కుడి పక్క మామగారి వైపు. ఆయనకు కనపడే పక్కను కుడిచేత్తో సోడా పెట్టి బరబరా రుద్దేదాన్ని. కనపడని పక్కను ఎడమచేత్తో, గోడ మూల దాచిన చెంబులోని మంచినీళ్ళతో తుడిచేదాన్ని. కుక్క యథాప్రకారం రోజూ పాలెం పోయి వస్తూనే ఉంది, రెండు పక్కలూ వెంటబెట్టుకుని.

ఇరవై రోజులకు ఎడమ పక్క మానింది. పొలుసు రాలిపోయి, కింద నుంచి సన్నగా కొత్త నూగు వచ్చింది. కుడి పక్క పచ్చి పుండు. మధ్యలో వెన్ను మీద గీత గీసినట్టుగా తేడా. నా ఎడమ చేయి కూడా మానింది. దాన్ని ఎవరూ చూడలేదు. కుక్కను మాత్రం ఒక ఉదయం బల్ల మీది పెద్దమనిషి ఒకడు చూశాడు. "ఇదేందయ్యా, సగం మానింది!" అని కేకేశాడు.

అందరూ లేచి కుక్క చుట్టూ తిరిగారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. "మామయ్యా, ఆ గజ్జి సోడా వల్లేనేమో" అన్నాను.

ఆయన తల తిప్పకుండానే, "మన పంచెలు సోడాతో ఉతకటం లా? పంచెలకి గజ్జొచ్చిందా?" అన్నాడు. వసారా అంతా గొల్లుమంది. ఒకాయన అయితే కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఎడమ పక్కకు ఇరవై రోజులుగా సోడా అంటలేదని చెబితే అక్కడితో తేలిపోయేది. చెప్పలేదు. చెబితే, కడగని సగం కుక్క ఇరవై రోజులు వాళ్ళ వసారా మీద పొర్లిందని తెలుస్తుంది. ఆ తర్వాత నా గతేమిటో నాకు తెలుసు.

మామగారు కాసేపు మీసం దువ్వి కారణం చెప్పాడు. కుక్కను కట్టేసిన చోట కుడి పక్కకు దక్షిణం గాలి తగులుతుందట. దక్షిణాన పాలెం ఉంది. ఎడమ పక్కకు మన ఇంటి గోడ అడ్డం ఉంది. అందుకని అటు మానిందట. కుక్క రోజంతా ఒక్క దిక్కుకే తిరిగి నిలబడుతుందా అని అడిగిన మగాడు ఆ వసారాలో లేడు. "ఎంత బాగా చెప్పావయ్యా!" అన్నారు. నాకు వాళ్ళ ముఖాన ఆ మూకుడులో సోడా విసరాలనిపించింది.

"గాలికే ఇంత పని జరుగుతుంటే, ఆ మనిషి నట్టింటి పక్కన తిరుగుతుంటే ఇంకేం తగ్గుద్ది?" అన్నాడు. శివరాత్రి దాకా ఆగలేదు. ఆ పూటే ఆమెను రావొద్దన్నారు. కుక్కను గొలుసుతో కట్టేశారు. ఇక పాలెం పోయేది లేకపోయినా, ఒంట్లో దిగిన పాత మైల పోవాలని నన్ను రోజూ కడుగుతూనే ఉండమన్నారు.

అప్పుడు నేను సోడా అంతా దొడ్లో గుంట తీసి పాతేశాను. సోడా డబ్బాలో జొన్నపిండి పోశాను. మూకుడులో కలిపితే తెల్లగానే ఉంటుంది. మామగారు చూస్తుండగా దానితోనే రెండు పక్కలా రుద్దాను. కుక్క మూతి తిప్పి తన ఒళ్ళు తానే నాకేది. "చూడు, సోడా ఎంత ఇష్టంగా నాకుతుందో" అన్నాడు ఆయన. అంత తెలివిగలవాడు. నాకు నవ్వొచ్చేది. ఆ పిండి, ఆమెకు కొలవకుండా ఆపేసిన జొన్నలదేనని మూడో రోజో నాలుగో రోజో తట్టింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

నెల తిరిగేసరికి కుక్క ఒళ్ళంతా బొచ్చు కమ్మింది. మామగారి పేరు ఊరంతా మోగింది. పాలెం మనిషిని ఆపారు, గజ్జి తగ్గింది, ఇంతకంటే రుజువేముంది? మా ఇంటిని చూసి మరో మూడిళ్ళ వాళ్ళు ఆమెను మాన్పించారు. ఒక రాత్రి నా భర్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నెమ్మదస్తుడని అందరూ అంటారు. పిరికితనానికి ఆ ఇంట్లో పెట్టుకున్న పేరు అది. అంతా విని, "నలుగురిలో నాన్న మాట తీసెయ్యమంటావా? కుక్కకి తగ్గింది గదా, ఇంకేంది నీ బాధ?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఒకసారి దొడ్డిదోవన వచ్చింది. కంచె అవతల నిలబడింది. మనిషి సగమైంది. "కుక్కకి తగ్గిందంట గదా చిన్నమ్మగారూ. సోడా ఆపబట్టేనని అయ్యగారితో ఒక్క మాట చెప్పండి. నా నోటితో చెబితే నమ్మరు. మీరు ఇంటి మనిషి" అంది.

"చెబుతాలే. తిరనాళ్ళ నాడు ఇంటి నిండా చుట్టాలుంటారు, ఆయన సంతోషంలో ఉంటాడు. అప్పుడు చెబుతా" అన్నాను. ఆమె నమ్మింది.

కోటప్పకొండకు ప్రభ కదిలే రోజు వచ్చింది. వాకిట్లో వెదుళ్ళతో, రంగుగుడ్డలతో ఎత్తుగా కట్టిన ప్రభ, ఇంట్లో చుట్టాలు, నూజెండ్ల నుంచి మామగారి వియ్యంకుడు, మా ఆడబిడ్డ మామ, కూడా వచ్చాడు. కుక్కకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసి, గొలుసు విప్పారు. ప్రభ చూడ్డానికి పాలెం నుంచి వచ్చినవాళ్ళు వీధి అవతలి అంచున నిలబడ్డారు. వాళ్ళలో ఆమె ఉంది. నా మాట కోసమే వచ్చింది.

మామగారు వసారాలో కుక్క కథ మొదలుపెట్టాడు. గాలి, గోడ, పాలెం అన్నీ చెప్పాడు. వీధి అవతలికి వినపడేలా చెప్పాడు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. నూజెండ్ల ఆయన మాత్రం తలూపలేదు. కాస్త బుర్ర ఉన్న మనిషి. గ్లాసు అందుకుంటూ నా వైపు తిరిగి, "ఏమ్మా, రోజూ కడిగింది నువ్వే గదా. నీకు తెలియాలి. ఆ మనిషి రావటం మానినాకేనా దీనికి తగ్గింది?" అని అడిగాడు.

వసారా అంతా నా వైపు చూసింది. మామగారు చిరునవ్వుతో చూశాడు. నా భర్త నేల చూశాడు. వీధి అవతల ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాస్త ముందుకు వచ్చి నిలబడింది.

"అవును బాబాయిగారూ" అన్నాను. "అప్పట్నుంచే."

ఆమె విన్నది. వెనక్కి తిరుగుతుండగా కుక్క ఆమెను చూసి, దండతో సహా వీధి దాటి పరుగెత్తి, ఆమె కాళ్ళకు చుట్టుకుంది. ఆమె భయపడి ఇటు చూసి, కాలితో దాన్ని నెట్టింది. "పో. నీ ఇంటికి పో. నా కాడికి రావద్దు" అంది. అది మళ్ళీ మీదికి వెళ్ళింది. ఈసారి మట్టిబెడ్డ తీసి విసిరింది. కుక్క కుయ్యిమని తోక ముడుచుకుని మా వసారా కిందికి వచ్చి పడుకుంది.

"చూశారా, ఇప్పటికి దానికీ జ్ఞానం వచ్చింది" అన్నాడు మామగారు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఇంకా వీధిలోనే ఉంది. నేనూ నవ్వాను.